చురుగ్గా పనిచేసిన కాళ్ళు

వంతెన పని మకాం, రేకుల షెడ్డు
ఫిబ్రవరి 9

ఒరేయ్ బావమరిదీ,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు "సరే బావగారూ, సరే బావగారూ" అంటావు, ఈలోగా మీ అక్క ఫోన్ లాక్కుంటుంది. నా కోపం కాస్తా మీ అక్కాతమ్ముళ్ళ కబుర్లలో కలిసిపోతుంది. కాగితాన్ని ఎవరూ లాక్కోరు. నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయి.

మా కంపెనీవాళ్ళు పోయిన వారం మా అరవై మందికీ కొత్త బూట్లు పంచారు. అడుగు మూడు వేళ్ళ మందం. నొక్కితే బొటనవేలు దిగబడేంత మెత్తన. పోనీ చదునుగా ఉందా అంటే అదీ లేదు. పడవ అడుగులాగా వంపు తిరిగి, మడమ దగ్గరా మునివేళ్ళ దగ్గరా పైకి లేచి ఉంది. వేసుకుని ఊరికే నిలబడితే చాలు, మనిషి ముందుకీ వెనక్కీ ఊగుతాడు. పెట్టె మీద "మీ ప్రతి అడుగూ వ్యాయామమే" అని రాశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇనుము ఎక్కి దిగేవాళ్ళం, వ్యాయామం తక్కువై చస్తున్నామా మేము?

ఇరవై ఆరేళ్ళుగా వంతెనలకి రంగు వేస్తున్నాను. తుప్పు గీకడం, మళ్ళీ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూత కొట్టడం, దాని మీద రంగు వెయ్యడం, ఇదే నా బతుకు. మేం నడిచే దూలం వెడల్పు జానెడు. పాత బూటు అడుగు పల్చన కాబట్టి రివెట్టు బొడిపె మీద కాలేస్తే రివెట్టని తెలిసేది, తడి రంగు మీద వేస్తే తడి తెలిసేది. కిందికి చూడక్కర్లేదు. ఇప్పుడు పరుపు మీద నడుస్తున్నట్టుంది, కింద ఏముందో బొత్తిగా తెలియడం లేదు. సాయంత్రమయ్యేసరికి పిక్కలు రాయిలాగా బిగుసుకుపోతున్నాయి.

మా పొట్టోడు తెలుసుగా, ఆరడుగుల పైన ఉంటాడని అందరం పొట్టోడంటాం. వాడు తుప్పు గీకే బ్లేడుతో బూటు అడుగు సగం కోసేశాడు. సూపర్‌వైజర్ పట్టుకుని వాణ్ణి రెండు రోజులు పైకి ఎక్కనివ్వలేదు. ఇదెక్కడి న్యాయం?

ఆ పెట్టె మీద మీ కంపెనీ గుర్తే ఉంది. మనుషుల కాళ్ళకి వైర్లు తగిలించి కొలవడమేగా నీ ఉద్యోగం. ఈ దిక్కుమాలిన బూటు ఎవడి బుర్రలో పుట్టిందో, ఎవడు బాగుందని రాశాడో కనుక్కో. వాణ్ణి ఒక్కసారి నా వెనకాల దూలం మీద నడిపించాలి. అంతకుమించి ఏమీ అనను.

పిక్కలు పట్టుకుని కూర్చున్న
నీ బావ


పరీక్షల గది, బూట్ల కంపెనీ
ఫిబ్రవరి 17

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. చదువుతుంటే మీరు పక్కన కూర్చుని తిడుతున్నట్టే ఉంది. అక్క కులాసాగా ఉందని తలుస్తాను.

ఆ బూటు సంగతి నాకు కొంత తెలుసు. చదునైన అడుగు మీద నిలబడినప్పుడు కాలి కండరాలకి పెద్దగా పని ఉండదు, బద్ధకిస్తాయి. అడుగు వంపుగా ఉంటే చీలమండ చుట్టూ ఉన్న కండరాలు, పిక్క, మోకాలి కింద ముందు భాగం, అన్నీ మేలుకుంటాయి. మా గదిలో పిక్కల మీద వైర్లున్న బిళ్ళలు అతికించి కొలిస్తే అవి మామూలు బూటులో కంటే ఇరవై శాతం ఎక్కువ పని చేసినట్టు తేలింది. మీ పిక్కలు నొప్పి పుడుతున్నాయంటే అవి పని చేస్తున్నాయనే కదా అర్థం. అలవాటు పడటానికి మూడు వారాలు పడుతుంది. కాస్త ఓపిక పట్టండి.

ఎవరు బాగుందని రాశారని అడిగారు. ఒక బూటు బయటికి రావాలంటే దాని మీద పదిమంది చేతులు పడతాయి, ఫలానావాడు అని చెప్పలేం. పొట్టోడిగారిని మాత్రం అడుగు కొయ్యవద్దని చెప్పండి. కోస్తే రెండు కాళ్ళకీ ఎత్తు తేడా వస్తుంది, అది ఇంకా ప్రమాదం.

వీలు చూసుకుని వస్తాను.

మీ
బావమరిది


ఇల్లు, ముందు గది
మార్చి 14

ఒరేయ్,

ఎడమచేత్తో రాస్తున్నాను, అర్థం కాకపోతే మీ అక్కకి ఫోన్ చేసి చదివించుకో. కుడి భుజం కట్టులో ఉంది. నువ్వు చెప్పిన మూడు వారాలూ ఓపిక పట్టాను. బూట్లు తొడిగిన నాలుగో వారం, మంగళవారం పొద్దున్న పడ్డాను.

అందరూ కాలు జారిందంటున్నారు. జారలేదు. జారితే నాకు తెలియదా? దూలం చివర రంగు కొట్టి వెనక్కి ఒక్క అడుగు వేశాను. అంచు ఎక్కడుందో కాలికి అందలేదు. నిలదొక్కుకుందామని మడమ నొక్కాను. మడమ కింద ఏముంటుంది, ఆ వంపు! మనిషిని వెనక్కి దొర్లించేసింది. ఆ క్షణం నా పిక్క టపటపా కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. పాపం దాని పని అది చేస్తూనే ఉంది, నేను పడిపోతూనే ఉన్నాను. తాడుకి కట్టిన నడుం బెల్టు ఆపింది కాబట్టి నదిలో పడలేదు. ఊగి వచ్చి ఇనుప దూలానికి భుజం కొట్టుకుంది. పొట్టోడు బోర్లా పడుకుని తాడు పట్టి లాగాడు. లాగుతూ ఏడ్చాడు, ఏడుస్తూ నన్నే తిట్టాడు.

భుజం నయమవుతుంది, దాని గురించి కాదు నా బాధ. విచారణ వేశారు. ముగ్గురు మనుషులు, ఒక గుమాస్తా. "బూటు పరీక్షలు జరిగిన బూటు, అందులో లోపం లేదు. ఈయన కాళ్ళల్లోనే పట్టు తగ్గింది" అని సూపర్‌వైజర్ చెప్పాడు. నా ఎక్కుడు కార్డు తీసేసుకున్నారు. ఆ కార్డు జేబులో లేకపోతే వంతెన మీద మొదటి మెట్టు కూడా ఎక్కనివ్వరు. కింద కూర్చుని డబ్బాలు కలపాలి, బ్రష్షులు కడగాలి. నేను! పదిహేడు వంతెనలకి రంగు వేసినవాణ్ణి.

కాళ్ళ పరీక్ష కూడా చేశారు. చెక్క పలక మీద ఒంటికాలి మీద ముప్ఫై లెక్కపెట్టేదాకా నిలబడాలి. ఆ బూట్లు వేసుకునే నిలబడాలట! పదకొండుకి తూలాను. విప్పేసి నిలబడతానన్నాను. పంచిన బూట్లతోనే చెయ్యాలి, రూలు అన్నారు. ఇంటికొచ్చి వట్టి కాళ్ళతో నిలబడ్డాను. మీ అక్క నూట నలభై దాకా లెక్కపెట్టి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయని పారిపోయింది. నేను ఇంకా నిలబడే ఉన్నాను.

ఏప్రిల్ ఆరున మళ్ళీ పిలిచారు. ఈ కాళ్ళ లెక్కలు తెలిసినవాడు మన ఇంట్లో నువ్వొక్కడివే. నువ్వొచ్చి ఆ ముగ్గురి ముందు ఒక్క మాట చెప్పు. నా కార్డు నాకు ఇప్పించు.

నీ బావ

తమ్ముడూ, అక్కని రాస్తున్నాను. ఈయన ఇల్లు పీకి పందిరేస్తున్నారు. పొద్దున లేస్తే ఒంటికాలు, మధ్యాహ్నం ఒంటికాలు, నేను అంకెలు లెక్కపెట్టడం. కొంగలాగా ఏమిటండీ ఇది అంటే అరుస్తారు. నవ్వులాట కాదురా. ఆయన కింద కూర్చోగలిగిన మనిషి కాదు. నువ్వొచ్చి చెప్పు.


పరీక్షల గది
మార్చి 21

బావగారికి,

మీరు పడ్డారని చదివి, ఉత్తరం మళ్ళీ మొదటినించీ చదివాను. బెల్టు కాపాడింది, అదే పదివేలు. భుజం విషయంలో తొందరపడకండి, డాక్టరు చెప్పినన్నాళ్ళూ కట్టు ఉంచండి.

ఏప్రిల్ ఆరుకి నాకు సెలవు దొరికేలా లేదు. దొరికినా నేను చిన్న ఉద్యోగిని, నా మాటకి అక్కడ విలువ ఏముంటుంది? పైగా బూటు చేసిన కంపెనీవాడు, పడిన మనిషికి సొంత బావమరిది వచ్చి చెప్పాడంటే మీకే చేటు. మంచి ఎముకల డాక్టరు చేత మీ కాళ్ళు బాగున్నాయని రాయించుకుని వెళ్ళండి.

విచారణవాళ్ళు ఏ ఏ కాగితాలు తెప్పించుకున్నారో మీకేమైనా తెలిసిందా? తెలిస్తే వెంటనే రాయండి.

అక్కని దిగులు పడవద్దని చెప్పండి.

మీ
బావమరిది


విచారణ ఆఫీసు, వరండాలో బల్ల
ఏప్రిల్ 6

మహారాజశ్రీ పరీక్షల అధికారిగారి సముఖానికి,

తమరు ఏ ఏ కాగితాలు తెప్పించారని అడిగారు కదా. తెప్పించారండీ. తమరి కాగితమే తెప్పించారు.

ఇప్పుడే, పావుగంట కిందట, గుమాస్తా లేచి నిలబడి చదివాడు. "ఈ బూటు ధరించినప్పుడు కాలి కండరాలు ఇరవై శాతం ఎక్కువ చురుగ్గా పనిచేశాయి." చదివి కాగితం బల్ల మీద పెట్టాడు. నాకు కనబడేలాగే పెట్టాడు. చివరి అక్షరానికి తోక లాగి, ఆ తోక కింద రెండు చుక్కలు పెట్టే సంతకం లోకంలో ఎంతమందికుంటుందండీ? మీ అక్కకి వచ్చే ప్రతి ఉత్తరం కిందా చూస్తూనే ఉన్నాను.

ముగ్గురిలో పెద్దాయన నా వైపు తిరిగి ఏమన్నాడో తెలుసా? "కాళ్ళని ఇంత చురుగ్గా ఉంచే బూటు వేసుకుని కూడా పడ్డావంటే, లోపం ఎక్కడుందో నువ్వే చెప్పవయ్యా" అన్నాడు. డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని ఎవరూ తిప్పి కూడా చూడలేదు.

అరికాలి మంట నెత్తికెక్కిందిరా నాకు. చురుకట! ఏ చేత్తో రాశావు ఆ మాట? పడిపోయేవాడి కాలు చురుగ్గా కాక బద్ధకంగా ఉంటుందా? నీళ్ళలో మునిగేవాడి చేతులు కూడా చురుగ్గానే కొట్టుకుంటాయి. వాణ్ణి చూసి ఈత బాగా కొడుతున్నాడని రాస్తావా?

ఎవడు బాగుందని రాశాడో కనుక్కోమని ఫిబ్రవరిలో నిన్నే అడిగాను. చదివి నవ్వుకున్నావా? "పదిమంది చేతులు పడతాయి" అని జవాబు రాసిన ఆ చెయ్యే కదా ఇది! నేను పడ్డానని తెలిశాక కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళండి, అక్కని దిగులు పడవద్దనండి అని నంగనాచి కబుర్లు రాశావు. పాతిక మైళ్ళ దూరంలో ఏమీ ఎరగనట్టు కూర్చున్నావు.

మే రెండున తీర్పు. రాతపూర్వకంగా ఎవరేం చెప్పుకోవాలన్నా ఏప్రిల్ ఆఖరు దాకా తీసుకుంటారట. నిన్ను రమ్మని బతిమాలను. రాస్తే అంతా రాయి, ఒక్క ముక్క కూడా దాచకు. లేదంటే ఇక నాకు ఉత్తరాలు రాయకు.

మీ అక్క మొగుడు


అద్దె గది
ఏప్రిల్ 19

బావగారికి,

మీరు తిట్టినవన్నీ నిజమే. కాకపోతే నవ్వుకోలేదు. మీ మొదటి ఉత్తరం వచ్చినరోజు దాన్ని పరీక్షల గది సొరుగులో పెట్టి తాళం వేశాను. నవ్వేవాడు తాళం వెయ్యడు కదా.

జరిగింది రాస్తాను. ముప్ఫై రెండు మంది కాళ్ళకి బిళ్ళలు అతికించి ఆ బూటుతో నడిపించాం, నిలబెట్టాం. తెర మీద పిక్క గీత ఎగిరెగిరి పడింది. మొదటిసారి రిపోర్టులో నేను "తూలకుండా ఉండటానికి కండరాలు పెనుగులాడాయి" అని రాశాను. మా పెద్దాయన చదివి, "ఇది రిపోర్టా, కుస్తీ పోటీయా? పద్ధతిగా ఉండే మాట ఒకటి చూడు" అన్నాడు. అంతే అన్నాడు. ఫలానా మాట రాయమని అనలేదు. నేనే ఒక పూటంతా వెతికి "చురుగ్గా" అన్న మాట తెచ్చాను. అబద్ధం కాదు, కొలతకి సరిపోతుంది, వినడానికి బాగుంటుంది. దొరికినందుకు సంతోషించాను కూడా. ఆయన భుజం తట్టాడు. ఆ సంతోషమే ఇప్పుడు నన్ను కాల్చుకు తింటోంది. ఎవరైనా నా మెడ మీద కత్తి పెట్టి రాయించి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తోంది.

ఇంకొకటి. ముప్ఫై రెండు మందిలో తొమ్మిదిమంది బాగా తూలారు. వాళ్ళ పేర్ల ఎదురుగా "ఇంకా అలవాటు పడలేదు" అని రాసి లెక్కలోంచి పక్కన పెట్టాం. నిలబెట్టిన చోట గోడకి కమ్మీ ఉంది. పట్టుకున్నవాళ్ళని కూడా నిలబడినట్టే రాశాం. నేల నున్నగా, చదునుగా ఉంది. జానెడు దూలం మీద ఎవరూ నిలబడలేదు, అలాంటి ఆలోచనే ఎవరికీ రాలేదు. బూటు నడకకని చేశారు. వంతెనలవాళ్ళకి అమ్మారని నాకు మీ ఉత్తరంతోనే తెలిసింది. తెలిసిన రోజే నోరు విప్పాల్సింది. మీకు మూడు వారాలు ఓపిక పట్టమని రాశాను. ఆ మూడు వారాలకి నేను ఏం చెప్పినా తక్కువే.

ఇదంతా నాలుగు పేజీలు రాసి, సంతకం చేసి, విచారణవాళ్ళకి నిన్న పంపేశాను. నకలు దీనితో పెడుతున్నాను. అందులో మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. పక్కన పెట్టిన తొమ్మిదిమందిలో ఏడుగురు నలభై అయిదు దాటినవాళ్ళు, తూలాక నిలదొక్కుకోవడానికి వాళ్ళకే ఎక్కువ సేపు పట్టింది, అని. దాని తర్వాతి వాక్యంలో, పల్చని చదును అడుగుతో కొలిచినప్పుడు వయసు వల్ల ఏ తేడా కనబడలేదు అని కూడా రాశాను. మీకు నలభై తొమ్మిదని నాకు తెలుసు. ఆ వాక్యం ముందు రెండు రోజులు కూర్చున్నాను. తీసేస్తే మీకు మేలు. కానీ తీసేస్తే మళ్ళీ నేను తొమ్మిదిమందిని పక్కన పెట్టినట్టే. మిమ్మల్ని అడుగుదామనుకున్నాను. అడిగితే వద్దంటారేమోనని భయం, వద్దంటే నేను తీసేస్తానేమోనని ఇంకా భయం. అందుకే అడక్కుండా పంపేశాను.

ఒక్క ముక్క దాచవద్దన్నారు. దాచలేదు.

మీరు నన్ను ఏమన్నా పడతాను.

బావమరిది


వంతెన కింద, రంగులు కలిపే షెడ్డు
మే 8

ఒరేయ్,

చెయ్యి బాగయింది. కుడిచేత్తోనే రాస్తున్నాను, కాబట్టి ఒక్క తిట్టు కూడా అర్థం కాకుండా పోదు.

తీర్పు వచ్చింది. బూటు తప్పేనన్నారు. నా కాళ్ళ తప్పు కాదని రాతపూర్వకంగా ఇచ్చారు. అరవై జతలూ వెనక్కి తీసుకున్నారు. పాత పల్చటి బూట్లే మళ్ళీ ఇచ్చారు. పొట్టోడు తనకిచ్చిన జతని ముద్దు పెట్టుకున్నాడు, సిగ్గులేనివాడు. అందరూ వచ్చి నాకు చేతులు కలిపి, మీ బావమరిది మొనగాడయ్యా అన్నారు. అవునవునన్నాను.

గుమాస్తా అప్పుడు రెండో కాగితం తీశాడు. "పరీక్షించిన నిపుణుడే స్వయంగా తెలియజేసినందున, నలభై అయిదేళ్ళు దాటినవారిని ఇకపై ఎత్తు పనులకి పంపరాదు." నిపుణుడంటే నువ్వేరా. అరవై మందిలో నలుగురం దిగాం. నా కార్డు తిరిగి ఇవ్వనే లేదు, మిగతా ముగ్గురివీ అక్కడే గుంజుకున్నారు. వాళ్ళల్లో ఒకాయనకి నిన్నటిదాకా నీ పేరు కూడా తెలియదు. ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు తలుచుకుంటున్నాడు, ఎలా తలుచుకుంటున్నాడో రాయను.

"దాని పక్క వాక్యం కూడా చదవండయ్యా, పల్చటి బూటుతో తేడా లేదని రాశాడు" అని నేను అరిచాను. "అది ఈ విషయానికి సంబంధం లేదు" అని పెద్దాయన కళ్ళజోడు తీసేశాడు. ఒకే పేజీరా! ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు వాక్యాలు! ఒకటి కనబడింది, ఇంకొకటి కనబడలేదు. ఆ రెండో వాక్యం కింద ఎర్ర రంగుతో గీత గీసి నలుగురం కలిసి అర్జీ పెట్టాం. ఎప్పుడు చూస్తారో, చూస్తారో చూడరో చెప్పలేను. కార్డులు ఇవ్వకపోతే మళ్ళీ పెడతాను. నా నోరు ఎవరూ మూయించలేరు.

నిన్ను పరీక్షల గదిలోంచి తీసేసి గోడౌన్లో పెట్టెలు మోయిస్తున్నారని మీ అక్క చెప్పింది. తగిన శాస్తి జరిగిందనుకున్నాను. ఆ పూటంతా అలాగే అనుకున్నాను. మర్నాడు పొద్దున మళ్ళీ అనుకోబోయి, పెట్టెలు ఎంత బరువుంటాయట అని మీ అక్కని అడిగాను.

నిన్న పొట్టోడు పెద్ద దూలం మీద నడుస్తుంటే కింద డబ్బా కలుపుతూ చూశాను. ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ వంతెనని కింద నించి ఇంతసేపు చూడలేదు. వాడు అడుగు వేసినప్పుడల్లా నా పిక్కలు బిగుసుకుపోయాయి, మునివేళ్ళు నేలని పట్టుకున్నాయి. వాడు అవతలి చివరికి చేరేసరికి నేను చెమటలు కక్కుతూ నిలబడ్డాను. చేతిలో రంగు ఎండిపోయింది. సూపర్‌వైజర్ వచ్చి, "ఏమయ్యా, ఇది కూడా చేతకాదా?" అన్నాడు. డబ్బా వాడి నెత్తిన బోర్లించాలనుకున్నాను. బోర్లించలేదు. మళ్ళీ కలిపాను.

ఒక్క వాక్యం దాచలేకపోయావట్రా నా కోసం? మీ అక్క ముఖం గుర్తు రాలేదా? కంపెనీ కోసం తొమ్మిదిమందిని దాచినవాడివి, సొంత బావ కోసం ఒక్క వాక్యం దాస్తే నీ సొమ్మేం పోయింది? రాత్రంతా ఇదే మాట అనుకుంటూ దొర్లాను. దాచి ఉంటే నాకు తెలిసేదా అంటే తెలిసేది. ఎప్పుడో ఒకప్పుడు నీ మొహం చూసి పట్టేసేవాణ్ణి. ఇంకో వంతెన మీద నా వయసువాడెవడో ఆ బూట్లు వేసుకుని ఎక్కేవాడు, వాడికి బెల్టు ఉండేదో లేదో. అప్పుడు నిన్ను నిజంగానే చంపేసేవాణ్ణి. దాచలేదని ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. ఏం చేసినా నువ్వు నా చేత తిట్లు తినేవాడివే, నీ జాతకం అంత.

నా కోపం తగ్గేదాకా ఈ ఇంటి గుమ్మం ఎక్కవద్దు. అది ఎప్పటికి తగ్గుతుందో నాకే తెలియదు కాబట్టి, వచ్చే ఆదివారం వచ్చెయ్.

నీ బావ